కూర్చున్న మనిషికి అల్లే డ్రాయరు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ ఆయనకి డ్రాయరు ఇంట్లోనే అల్లాలని ఉందన్నావు. స్వెట్టరు అల్లిన చేతికి ఇది అందని పనేం కాదు. కానీ స్వెట్టరు లెక్కలు ఇక్కడ పనికిరావు. స్వెట్టరు భుజాల మీద వేలాడుతుంది, కొంచెం వదులైనా ఎవరూ పట్టించుకోరు. డ్రాయరు ఒంటిని పట్టుకుని ఉండాలి. వంగినా, మెట్లెక్కినా, గంటల తరబడి కూర్చున్నా ఉన్నచోటు నుంచి కదలకూడదు. నిలబడ్డప్పుడు చక్కగా కనిపించి, కూర్చోగానే వెనక జారిపోయేవి, ముందు బిగిసిపోయేవే ఎక్కువ. అందుకే మొదటి కొలత నుంచి చివరి కుట్టు దాకా కూర్చున్న మనిషినే మనసులో పెట్టుకో.

ముందు దారం సంగతి. సన్నటి నూలు దారంలో కొద్దిగా ఎలాస్టేన్, అంటే రబ్బరులా సాగే పోగు, కలిసినది దొరికితే అదే తీసుకో. నూలు చెమట పీలుస్తుంది, మెత్తగా ఉంటుంది. కానీ ఒకసారి సాగితే తనంతట తాను వెనక్కి రాదు. నూరు శాతం నూలుతో అల్లిన డ్రాయరు పొద్దున సరిగ్గా ఉండి సాయంత్రానికి సీటు దగ్గర సంచిలా వేలాడేది ఇందుకే. సన్నటి మెరినో ఊలు ఈ విషయంలో మేలు, సాగి మళ్ళీ ముడుచుకుంటుంది. మెషీన్లో ఉతకొచ్చని రాసి ఉన్నదే కొను. వెదురు దారం చేతికి పట్టులా తగులుతుంది గానీ దాని బరువుకి అదే కిందికి దిగుతుంది, ఒంటరిగా వాడొద్దు. అక్రిలిక్ జోలికి వెళ్ళకు. అది చెమట పీల్చదు, గజ్జల్లో తడి నిలిచి ఒరుసుకుపోతుంది. ముదురు రంగు దారమైతే కాస్త ముక్క తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూడు. మొదటి జతకి మాత్రం లేత రంగే తీసుకో, కుట్లు కంటికి స్పష్టంగా ఆనుతాయి.

100 గ్రాములకి 350 నుంచి 400 మీటర్లు వచ్చే దారం సరిపోతుంది. నేను కింద రాసే కొలతకి మొత్తం 37, 38 వేల కుట్లు పడతాయి. కుట్టుకి సుమారు సెంటీమీటరు దారం చొప్పున 400 మీటర్లు. నమూనాకీ విప్పి అల్లడానికీ కలుపుకుని 500 మీటర్లు తెచ్చుకో. సూదులు రెండు: 2.75 మి.మీ. సర్క్యులర్ (రెండు మొనల మధ్య తీగ ఉండి, గుండ్రంగా అల్లుకునే సూది) ఒకటి, నడుము పట్టీకీ కాళ్ళ అంచులకీ 2.5 మి.మీ. ఒకటి.

నమూనా ముక్క అల్లకుండా మొదలుపెట్టొద్దు. 15 సెంటీమీటర్ల చదరం అల్లి, రేపు డ్రాయరుని ఎలా ఉతుకుతావో అలాగే ఉతికి, పరిచి ఆరబెట్టి, అప్పుడు మధ్యలో 10 సెంటీమీటర్లలో కుట్లు లెక్కపెట్టు. ఉతక్కముందు లెక్క, ఉతికాక లెక్క ఒకటి కావు. ఆ తేడా నడుము చుట్టూ తిరిగేసరికి నాలుగైదు సెంటీమీటర్లు అవ్వొచ్చు. 10 సెంటీమీటర్లకి 28 కుట్లు, 40 వరుసలు వచ్చాయనుకుని మిగతాదంతా చెబుతున్నాను. నీకు వేరే లెక్క వస్తే సూది మార్చు, లేదా అంకెలు మార్చుకో.

కొలతలు నాలుగు. పట్టీ ఎక్కడ కూర్చోవాలో అక్కడి చుట్టుకొలత, సీటు దగ్గర అన్నిటికంటే వెడల్పైన చోటు, తొడ పైభాగం, ఇక నాలుగోది సీటు లోతు. ఈ నాలుగోదాన్నే అందరూ వదిలేస్తారు. గట్టి కుర్చీ మీద నిటారుగా కూర్చోబెట్టి, పట్టీ గీత నుంచి కుర్చీ బల్ల దాకా పక్కనుంచి కొలువు. ఉదాహరణకి నడుము 86, సీటు 96, తొడ 54, లోతు 23 సెంటీమీటర్లు అనుకుందాం.

ఒంటిని పట్టుకోవాలంటే బట్ట ఒంటికంటే చిన్నదిగా ఉండాలి. సీటు కొలతలో 12 శాతం తగ్గించు. 96కి 84.5 వస్తుంది, సెంటీమీటరుకి 2.8 కుట్ల చొప్పున 236. వేరే కొలతకి అల్లేటప్పుడు కూడా ఈ అంకె నాలుగుతో భాగించబడేలా చూసుకో, తర్వాత కాళ్ళ మధ్య వేసే ముక్క దగ్గర పంపకం సరిగ్గా వస్తుంది. అడ్డంగా సాగే బట్ట నిలువునా కురచవుతుందని మాత్రం మరిచిపోకు. అందుకని లోతుకి 2 సెంటీమీటర్లు కలుపుకోవాలి.

పట్టీతో మొదలుపెట్టు. 236 కుట్లని వదులుగా, పెద్ద సూది మీదే వేసుకుని, మెలి పడకుండా చుట్టు కలిపి 2.5 సూదికి మారు. 12 చుట్లు నిట్ (నున్నగా కనబడే సూటి కుట్టు), ఒక చుట్టు పర్ల్ (గడులు తేలే తిరగ కుట్టు), మళ్ళీ 12 చుట్లు నిట్. పర్ల్ చుట్టు దగ్గర లోపలికి మడిచి, సూది మీది ఒక్కో కుట్టునీ మొదట వేసిన అంచులో దాని ఎదుటి కుట్టుతో కలిపి నిట్ చెయ్యి. వెనకవైపు 14 కుట్ల మేర కలపకుండా వదిలెయ్యి, ఎలాస్టిక్ దూర్చేది అక్కడి నుంచే. మడత లేకుండా ఒంటి పొరగా అల్లితే పట్టీ బయటికి చుట్టుకుపోతుంది, ఎంత ఇస్త్రీ చేసినా నిలవదు.

ఇప్పుడు 2.75 సూది. 118 కుట్లు ముందుకి, 118 వెనక్కి, రెండు పక్కలా మార్కర్లు, అంటే సూదికి తగిలించే గుర్తు రింగులు. వెనక భాగం ముందు కంటే 4 సెంటీమీటర్లు పొడుగుండాలి, కూర్చున్నప్పుడు నడుము వెనక బట్ట కిందికి లాగకుండా ఉండేది దానివల్లే. దీనికి వెనక కుట్ల మీద మాత్రమే అటూ ఇటూ తిరుగుతూ 16 కురచ వరుసలు అల్లాలి. మొదటి మలుపు పక్క మార్కరుకి 4 కుట్ల ముందు, ఆ తర్వాతి ప్రతి మలుపూ అంతకు ముందుదానికి 6 కుట్లు లోపలికి. ఎనిమిదేసి మలుపులు అయ్యేసరికి మధ్యలో 26 కుట్లు మిగులుతాయి. మలుపు తిప్పిన ప్రతిసారీ మొదటి కుట్టుని అల్లకుండానే రెండో మొన మీదికి జార్చి, దారాన్ని దాని మీదుగా వెనక్కి గట్టిగా లాగు. కుట్టు జంటగా కనబడుతుంది. తర్వాత చుట్టులో ఆ జంటని ఒకే కుట్టుగా నిట్ చెయ్యి. సరిగ్గా లాగకపోతే మలుపు దగ్గర కన్నం పడుతుంది.

అక్కడి నుంచి ముందు భాగం లెక్కన 88 చుట్లు. అంటే 22 సెంటీమీటర్లు: లోతు 23లో పట్టీ 3 తీసేసి, కురచయ్యే 2 కలిపితే వచ్చినది. అయితే ముందు భాగం చదునుగా ఉంటే కుదరదు, చోటు ఇవ్వాలి. 16 చుట్లు సాదాగా అల్లాక నడిమి రెండు కుట్లకి ఇరుపక్కలా ఒక్కో కుట్టు పెంచు, ప్రతి నాలుగో చుట్టులో, పదిసార్లు. 20 కుట్లు పెరుగుతాయి, అంటే 7 సెంటీమీటర్ల వదులు. దారం ఊరికే చుట్టి పెంచితే చిల్లు పడుతుంది. రెండు కుట్ల మధ్య అడ్డదారాన్ని ఎత్తి మెలితిప్పి అల్లు. నాలుగు చుట్లు సాదాగా పోయాక తగ్గించడం మొదలు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. నడి గీత పక్కనే తగ్గిస్తే ముందు మొన తేలి గుచ్చుకున్నట్టు ఉంటుంది. నడిమి 22 కుట్లని అలాగే ఉంచి, వాటి బయట ఉన్న కుట్లని, చుట్టు విడిచి చుట్టు, పక్కకొక్కటి చొప్పున పదిసార్లు కలిపెయ్యి. కింద గుండ్రంగా వస్తుంది. పైగా ఆ 22 కుట్లే నేరుగా కాళ్ళ మధ్య ముక్కగా సాగిపోతాయి. మిగిలిన 8 చుట్లూ సాదా.

ఈ దశలో కుట్లన్నిటినీ పొడుగాటి వేరే దారం మీదికి ఎక్కించి ఒకసారి తొడిగించు. కూర్చోమను, లేవమను. మధ్య ముక్క ఇంకా లేదు కాబట్టి అడుగున ఎంత ఖాళీ ఉందో కనబడుతుంది. 12 సెంటీమీటర్ల ముక్క బిగదీయకుండా చేరుతుందో లేదో టేపు పెట్టి చూడు. చేరేలా లేకపోతే ఇంకో నాలుగు చుట్లు అల్లు. ఇక్కడ విప్పడం తేలిక, ఆ తర్వాత కాదు.

కాళ్ళ మధ్య ముక్క లేకుండా ముందు వెనకలని నేరుగా కలిపేశావంటే లాగుడంతా ఒకే బిందువు మీద పడుతుంది. మొదట పిగిలేది అదే చోటు, ఒరుసుకునేదీ అదే చోటు. ముందు నడిమి 22 కుట్ల మీద మాత్రమే అటూ ఇటూ 48 వరుసలు అల్లు, 2.5 సూదితో. కుట్టు బిగువుగా ఉంటే అరుగుదలకి ఆగుతుంది. అంచు కుట్టుని జార్చే అలవాటుంటే ఇక్కడ మానుకో. జారిస్తే రెండు వరుసలకి ఒక కన్నే మిగిలి, తర్వాత ఆ అంచు నుంచి కాలికి కొత్త కుట్లు ఎత్తుకోవడానికి 24 మాత్రమే దొరుకుతాయి, నీకు కావలసినవి 34. ఆ ముక్క చివరని వెనక నడిమి 22 కుట్లతో కుట్టుసూది పెట్టి కుట్టుకి కుట్టు అతుకు. రెండు సూదులతో కలిపి మూసే పద్ధతి వద్దు, గట్టులా లేచి కూర్చున్నంతసేపూ నొక్కుతుంది. ఈ చోట దారం కొసలు గానీ ముడులు గానీ పెట్టకు. కొత్త ఉండ అందుకోవాల్సి వస్తే పక్క మార్కరు దాకా ఆగు.

ఒక్కో కాలికి 96 కుట్లు ఆగి ఉన్నాయి. మధ్య ముక్క పక్క అంచున పది వరుసలకి ఏడు చొప్పున 34 ఎత్తుకో, రెండు మూలల్లో ఒక్కొక్కటి అదనంగా తీసుకుని 132 చెయ్యి. మూల కన్నం మూసుకునేది ఆ అదనపు కుట్టుతోనే. 132 అంటే 47 సెంటీమీటర్లు, 54 తొడకి సరిగ్గా పట్టు. 24 చుట్లు సాదా, ఆ తర్వాత 2.5 సూదితో రెండు నిట్ రెండు పర్ల్ రిబ్ (బాగా సాగే గాడుల అల్లిక) 8 చుట్లు. మూసేటప్పుడు ప్రతి కుట్టుకీ ముందు దారం ఒకసారి చుట్టి, ఆ చుట్టుని కుట్టు మీదుగా దాటించి మూయి. మామూలుగా మూస్తే అంచు సాగక గజ్జలో ఎర్రటి గీత పడుతుంది. కాలు పైకి ఎగబాకుతోందంటే రిబ్ బిగించాలని తోస్తుంది, కానీ చాలాసార్లు కారణం కాలు కురచ కావడమే. 2 సెంటీమీటర్లు పొడిగించి చూడు.

ఎలాస్టిక్ 2.5 సెంటీమీటర్ల వెడల్పుది, మెత్తనిది. 86లో పది శాతం తీసేసి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి కుట్టడానికి 2.5 కలిపితే 80 సెంటీమీటర్లు. కోసే ముందు నడుముకి చుట్టి, కడుపు నిండా భోంచేశాక కూడా ఇబ్బంది లేదేమో అడుగు. దూర్చాక వదిలిన 14 కుట్ల సందుని వదులు టాకాలతో మూయి. బట్ట కంటే ముందు ఎలాస్టిక్కే పాడవుతుంది, మార్చడానికి వీలుండాలి.

డ్రాయరు ముందువైపు తెరుచుకునే సందు మొదటి జతకి వద్దు. రెండు పొరలు ఒకదాని మీద ఒకటి రావాలి, ఆ మందం సర్దడానికి పైన చెప్పిన పెంపు లెక్కంతా మారిపోతుంది.

క్రోషెతో చేయొచ్చా అని అడిగావు. ఒంటిని పట్టుకునే డ్రాయరుకి నేను వద్దంటాను. క్రోషె కుట్టు ముడిలా ఉంటుంది, అంతగా సాగదు, కూర్చుంటే చర్మం మీద అచ్చు పడుతుంది, దారం కూడా పావు నుంచి మూడోవంతు దాకా ఎక్కువ పడుతుంది. వదులుగా ఉండే నిక్కరు తరహాది మాత్రం బాగుంటుంది. అప్పుడు కొలత తగ్గించకు, సీటుకి 6 సెంటీమీటర్లు కలుపు. 3.5 మి.మీ. కొక్కెంతో, ఒకసారి దారం చుట్టి మూడు కన్నుల్లోంచి ఒకేసారి లాగే కుట్టుని, వెనక కన్నులో మాత్రమే గుచ్చుతూ అడ్డంగా అల్లు. రిబ్‌లా కాస్త సాగుతుంది. మధ్య ముక్క మాత్రం సూదులతో అల్లినదే వెయ్యి, లేదా పాత బనీను గుడ్డ కత్తిరించి కుట్టు.

చర్మం సున్నితమైతే నున్నటి నిట్ వైపు లోపలికి తిప్పి తొడుక్కోమను. పర్ల్ గడులు బయటికి కనిపిస్తే నష్టం లేదు. అలా అనుకుంటే కొసలు దాచేటప్పుడే పర్ల్ వైపు దాచు, పట్టీని కూడా ఆ వైపుకే మడిచి అల్లు.

నూలుదైతే గోరువెచ్చని నీళ్ళు చాలు, బాగా వేడి నీళ్ళు ఎలాస్టేన్‌ని చంపేస్తాయి. పిండేటప్పుడు మెలితిప్పకు, తువ్వాలులో చుట్టి నొక్కు. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకి కాళ్ళు సాగిపోతాయి, పరిచి ఆరబెట్టు. మధ్య ముక్క పలచబడటం కనిపించగానే, చిరగక ముందే, అదే దారంతో ఉన్న కుట్ల దారినే మళ్ళీ గుచ్చుకుంటూ పో. అందుకోసం 10 మీటర్ల దారం మొదటే తీసి పక్కన పెట్టుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ