గేమింగ్ కంప్యూటర్ కోసం చిట్టీ పాడాలా?

ప్రశ్న: మాది పరకాల. ఎనుమాముల మార్కెట్‌లో గుమస్తాగా చేస్తాను, నెలకు 32 వేలు. మా బాబు హనుమకొండలో బీటెక్ రెండో ఏడు. 1,90,000 పెట్టి గేమింగ్ కంప్యూటర్ కొనమంటున్నాడు. ఇకమీద గేములన్నీ అచ్చం నిజంలా ఉంటాయట, ఇప్పుడే పెద్దది కొంటే పదేళ్లు చూసుకోనక్కర్లేదట. 2 లక్షల చిట్టీ ఉంది, 20 నెలలది, 7 కట్టాను. ఇప్పుడు పాడితే 1,52,000 వస్తుంది. మిగతా 38 వేలు ఈఎంఐ పెట్టొచ్చా? వచ్చే ఏడు పాప ఇంటర్ అయిపోతుంది.

జవాబు: చిట్టీ పాడకండి. చివరిదాకా ఆగితే 5 శాతం కమీషన్ పోయినా 1,90,000 వస్తుంది. అంటే 13 నెలల తొందరకు 38 వేలు వదులుకుంటున్నారు, మళ్లీ అదే 38 వేలు అప్పు తెస్తున్నారు. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఎక్కడో ఓ మూల ఉంటాయి.

ఇక బాబు మాట. సగం నిజమే చెప్పాడు. వేయిస్తంభాల గుడిలో నున్నటి నల్లరాతి స్తంభం పక్కన నిలబడితే మన రూపం లీలగా అందులో కనిపిస్తుంది, కదిలితే అదీ కదులుతుంది. పాత గేముల్లో ఆ మెరుపును చాలావరకు ముందే రంగులా పూసి పెట్టేవారు. ఇప్పుడు వెలుగు ఎక్కడ తగిలి ఎటు మళ్లిందో అప్పటికప్పుడు లెక్క కడుతున్నారు. దాన్నే రే ట్రేసింగ్ అంటారు. 2018లో ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డులతో, అంటే కంప్యూటర్‌లో తెరమీది బొమ్మను గీసే భాగాలతో, ఇది ఇళ్లలోకి వచ్చింది. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమైతే ఇది చేయగల కార్డు లేకుంటే అసలు నడవదు.

కానీ అదే గేముకు కనీసం కావాల్సింది 2019 నాటి ఆర్‌టీఎక్స్ 2060 సూపర్. అప్పట్లో అది అన్నిటికన్నా ఖరీదైన కార్డేమీ కాదు. ఇంకో సంగతి, బొమ్మను చిన్న సైజులో గీసి ఏఐతో పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్ అనే పద్ధతి ఉంది. 2025 జనవరిలో దాని కొత్త రూపం పాత ఆర్‌టీఎక్స్ కార్డులకూ ఉచితంగా వచ్చింది. వాటిలో బొమ్మ నాణ్యత పైసా ఖర్చు లేకుండా పెరిగింది. అయితే ఆట ఇంకా నున్నగా కదలడానికి మధ్యలో అదనపు ఫ్రేములు, అంటే బొమ్మలు, పుట్టించే కొత్త సదుపాయాన్ని మాత్రం అప్పుడే వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డులకే పరిమితం చేశారు. రేపు ఏది పాతవాటికి ఇస్తారో, ఏది కొత్తవాటికే దాస్తారో కంపెనీ ఇష్టం. అందుకే పదేళ్ల మాట నేను నమ్మను. మిర్చి అయితే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం ఆగొచ్చు, గ్రాఫిక్స్ కార్డు అలా కాదు. వ్యాపారంలో వాడే కంప్యూటర్‌కు ఆదాయపు పన్ను లెక్కల్లోనే ఏటా 40 శాతం తరుగుదల రాసుకోనిస్తారు.

నా లెక్క ఇది. 90 వేలకు మించొద్దు. ఇప్పటినుంచి నెలకు 5 వేలు ఆర్‌డీ కట్టండి, ఏడాదికి 60 వేల పైచిలుకు. మిగతా 30 వేలు బాబు సంపాదించుకోవాలి, ట్యూషన్ చెబుతాడో, పాత ఫోన్ అమ్ముతాడో అతని ఇష్టం. కరెంటు పోతే కావాల్సిన ఇన్వర్టర్ సంగతి కూడా కొనేటప్పుడే అడగండి, షాపువాళ్ల కొటేషన్లో అది ఉండదు. చిట్టీ డబ్బు పాప చదువుకే, దాన్ని ముట్టొద్దు.

ఆడటానికి కాదు, గేములు తయారుచేయడం నేర్చుకుంటానంటే మాత్రం ఇంకోలా ఆలోచిస్తాను. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఇంట్లో మామూలు ల్యాప్‌టాప్ ఉన్నా నడుస్తుంది, ఒక్క బొమ్మకు రాత్రంతా పట్టొచ్చు, పట్టనివ్వండి. దసరాలోపు ఆ నల్లరాతి స్తంభాన్ని, దాని మెరుపుతో సహా, చేసి మీకు చూపించమనండి. చూపిస్తే నా 90 వేల లెక్కకు ఇంకో 20 వేలు కలపండి.