రాస్తారోకో కేసు ఉంటే ఎస్సై ఉద్యోగం రాదా?

ప్రశ్న: నేను డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని మా కాలేజీలో సీనియర్లకు మెమోలు, టీసీలు ఆపేశారు. దాని మీద కలెక్టరేట్ ముందు అరగంట రాస్తారోకో చేశాం. తొమ్మిది మంది మీద భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 189, 126, 223 సెక్షన్ల కింద కేసు పెట్టారు. తప్పు ఒప్పుకుంటూ లెటర్ ఇవ్వకపోతే సస్పెండ్ చేస్తానని ప్రిన్సిపాల్ అంటున్నారు. లోక్ అదాలత్‌లో ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే పీడ పోతుందని నాన్న అంటున్నారు. ఎస్సై ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను. ఇక నాకు రాదా?
– ఒక విద్యార్థిని, నల్లగొండ జిల్లా

జవాబు: కేసు ఉన్నంత మాత్రాన ఉద్యోగం పోదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. కానీ నాన్నగారు చెప్పిన పని మాత్రం చేయకండి. ఫైన్ వంద రూపాయలే అయినా నేరం ఒప్పుకుని కట్టారంటే మీకు శిక్ష పడినట్టే లెక్క, రేపు వెరిఫికేషన్ ఫారంలో అలాగే రాయాల్సి వస్తుంది. పిల్ల కోర్టు చుట్టూ తిరగకూడదని ఆయన బాధ, అది నాకు అర్థమవుతుంది, కాని ఈ తొందరే చాలామంది పిల్లల కొంప ముంచింది. లోక్ అదాలత్‌లో రాజీ వేరు, నేరం ఒప్పుకోవడం వేరు. దారి అడ్డగించారనే 126 సెక్షన్‌లో ఎవరిని ఆపారో వాళ్లు ఒప్పుకుంటే రాజీ కుదురుతుంది. అక్రమంగా గుమికూడారనే 189, ఉత్తర్వును ఉల్లంఘించారనే 223 రాజీకి వీలున్నవి కావు. అందుకే అక్కడ ఎవరైనా కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమంటే ఆసాంతం చదవందే పెట్టకండి.

నిజానికి ఈ కేసులో పోరాడటానికి చాలా ఉంది. 223 అంటే అధికారి ఉత్తర్వును ఉల్లంఘించడం. ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ ఆయన పైఅధికారి గానీ రాతపూర్వకంగా కోర్టుకు ఫిర్యాదు చేయాలి, ఉత్త పోలీసు చార్జిషీటు మీద కోర్టు దాన్ని విచారణకు తీసుకోకూడదని నేర విచారణ పద్ధతి చట్టమైన బీఎన్ఎస్ఎస్ 215వ సెక్షన్ చెబుతోంది. ఐదుగురు కలిసి నిలబడినంత మాత్రాన 189 కూడా పడదు, చట్టంలో చెప్పిన అక్రమ ఉద్దేశాల్లో ఏదో ఒకటి ఉందని చూపించాలి. పైగా ఇవన్నీ చిన్న శిక్షల సెక్షన్లు, ఏడాది దాటాక చార్జిషీటు వేస్తే కాలదోషం పట్టిందని అభ్యంతరం చెప్పొచ్చు. వీటి మీదే హైకోర్టులో కేసు కొట్టేయమని క్వాష్ పిటిషన్ వేస్తారు. అయితే ఒక మాట: శాంతియుతంగా గుమికూడే హక్కు రాజ్యాంగం ఇచ్చింది గానీ, రోడ్డు మూసేసే హక్కు ఇవ్వలేదు. ఢిల్లీలో సీఏఏకు వ్యతిరేకంగా రోడ్డు మీద ధర్నా చేసిన షాహీన్‌బాగ్ కేసులో 2020లో సుప్రీంకోర్టు ఆ సంగతే చెప్పింది. ఈసారి ధర్నా రోడ్డు పక్కన చేయండి.

కేసుల ఉపసంహరణ కూడా ఒక దారి. కంచ గచ్చిబౌలి భూముల గొడవలో హెచ్‌సీయూ విద్యార్థుల మీద పెట్టిన కేసులు ఎత్తేయాలని 2025లో రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. కేసు కోర్టుకు వెళ్లాక మాత్రం పబ్లిక్ ప్రాసిక్యూటర్ పిటిషన్ వేయాలి, కోర్టు అనుమతించాలి.

ఇక ఉద్యోగం సంగతి. ఉద్యోగానికి వెళ్లేటప్పుడు పాత కేసును దాచిపెడితే ఏమవుతుందో అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిల్లర కేసును ఎవరైనా దాచినా, యాజమాన్యం తన విచక్షణతో దాన్ని పట్టించుకోకుండా వదిలేయొచ్చని అందులో రాశారు. అలాగని మీరు దాచొద్దు. పోలీసు శాఖలో వెరిఫికేషన్ గట్టిగా ఉంటుంది, కేసు కన్నా దాచిపెట్టడమే ఎక్కువ ముంచుతుంది. క్రైమ్ నంబరు, స్టేషన్, ప్రస్తుత స్థితి ఉన్నది ఉన్నట్టు రాయండి.

ప్రిన్సిపాల్‌గారికి "నేరం చేశాను" అని రాసివ్వకండి. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యం కాదు గానీ, ప్రిన్సిపాల్‌కు రాసిచ్చింది కోర్టులో వాడొచ్చు. జనానికి ఇబ్బంది కలిగినందుకు విచారిస్తున్నామని రాస్తే చాలు. సస్పెండ్ చేయాలంటే ముందు నోటీసు ఇచ్చి మీ జవాబు వినాలి, అది వాళ్లు చేసే ఉపకారం కాదు. అసలు మీరు అడిగిందాంట్లో న్యాయం ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. ప్రభుత్వం డబ్బు ఇవ్వకపోతే ఆ భారం పిల్లల కాగితాల మీద పడటం ఘోరం. కాలేజీ గ్రీవెన్స్ కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

స్టేషన్ నుంచి విచారణకు రమ్మంటూ బీఎన్ఎస్ఎస్ 35వ సెక్షన్ నోటీసు వస్తే చెప్పిన తేదీకి తప్పకుండా వెళ్లండి, వెళ్లినంత కాలం మామూలుగా అరెస్టు చేయరు. లాయర్ ఫీజు గురించి బెంగ వద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, ఎఫ్ఐఆర్ కాపీ, ఆధార్ జిరాక్సు పట్టుకుని ఈ వారంలోనే వెళ్లండి.