వేడెక్కితే ఆగిపోయే వెలోసెట్ వెనమ్: ముందు మాగ్నెటోను చూడండి

మీ తాతగారి పాత బ్రిటిష్ మోటార్‌సైకిల్ వెలోసెట్ వెనమ్ పాతికేళ్లు సికింద్రాబాద్ షెడ్డులో నిలిచిందని, ఇప్పుడు చల్లగా ఉన్నప్పుడు మూడో కిక్కుకే స్టార్ట్ అవుతున్నా పావుగంట నడిచాక ఆగిపోయి గంటసేపు చల్లారితే తప్ప కదలడం లేదని, మొదట్లో నీలిపొగ కమ్మేస్తోందని రాశారు. కార్బురేటర్‌ను ఇప్పటికే రెండుసార్లు కడిగారు కనుక దయచేసి మూడోసారి విప్పకండి.

బ్యాటరీ లేకుండా అయస్కాంతంతో ప్లగ్‌కు కరెంటు పుట్టించే పరికరమే మాగ్నెటో. నా అనుమానమంతా అందులో కరెంటును కాసేపు పట్టి ఉంచే చిన్న భాగం, కండెన్సర్ మీదే. అది మాగ్నెటోలో తిరిగే తీగచుట్ట, అంటే ఆర్మేచర్ లోపలే ఉంటుంది. దశాబ్దాలకు దాని ఇన్సులేషన్ క్షీణించి, ఇంజిన్ వేడి తగలగానే నిప్పురవ్వ బలం పడిపోతుంది. అందుకే చల్లటి బండి మీద చేసే పరీక్ష మనల్ని మోసం చేస్తుంది. బండి ఆగిన వెంటనే నీడలోకి తోసి, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకొని ప్లగ్ విప్పి, దాన్ని సిలిండర్ హెడ్‌కు ఆనించి కిక్ కొట్టండి; రవ్వ సన్నగా, పసుపుగా కనిపించినా, అసలు రాకపోయినా దోషం దొరికినట్టే. అంతకుముందు మాగ్నెటోలో కరెంటును కలిపి విడగొట్టే పాయింట్ల సందు 0.012 అంగుళాలు ఉందో లేదో చూడండి. నా బీఎస్ఏ ఎం20 బండికి ఇదే రోగం వస్తే, ఒక మెకానిక్ మాట నమ్మి రెండు ప్లగ్గులు, ఒక కాయిల్ కొన్నాను. ఆ బండికి విడి కాయిలే ఉండదని తర్వాత గానీ వెలగలేదు! ఆర్మేచర్‌ను బయటికి తీస్తే అయస్కాంత శక్తి తగ్గవచ్చు కనుక, రాణిగంజ్‌లో మామూలు మోటార్లు చుట్టేవారికి కాక, మాగ్నెటో పని తెలిసినవారికే ఇవ్వండి.

పొగకు భయపడి పిస్టన్ రింగులు మార్చకండి. నిలిచిన బండిలో ఆయిల్ ట్యాంకులోని ఆయిల్ పంపు గుండా ఇంజిన్ అడుగుభాగమైన క్రాంక్‌కేసులోకి జారుతుంది; స్టార్ట్ చేయగానే అదే కాలి నీలిపొగ వస్తుంది. కింది డ్రెయిన్ బోల్టు విప్పి, ఎంత ఆయిల్ కారిందో కొలిచి, ఆ తర్వాతే కిక్ కొట్టండి.