రాతి తొట్టి అంచు ఎందుకు విరిగింది?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో హెరెఫర్డ్‌షైర్ పల్లె చర్చిలు చూశాం. ఎర్డిస్లీ చర్చిలో జ్ఞానస్నానపు రాతి తొట్టి మీద ఇద్దరు యోధులు పోట్లాడుకుంటున్నారు. బాప్తిస్మానికీ పోట్లాటకీ ఏం సంబంధం? ఇంకో ఊళ్లో తొట్టి అంచుకు ఎదురెదురుగా రెండుచోట్ల రాయి విరిగి, వేరే ముక్క అతికించి ఉంది. ఎందుకలా?
– ఒక పాఠకురాలు, బర్మింగ్‌హామ్

జవాబు: ముందు అంచు సంగతి. అప్పట్లో మంత్రించిన నీళ్లను తొట్టిలోనే నిలవ ఉంచేవారు. చేతబడికీ తాయెత్తులకీ వాటిని ఎత్తుకుపోతారన్న భయంతో, తొట్లకు మూతపెట్టి తాళం వేయాలని 1236లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఎడ్మండ్ ఆదేశించాడు. అంచులో ఎదురెదురుగా రంధ్రాలు తొలిచి, ఇనుప కొక్కేలు దించి, కరిగించిన సీసం పోసి బిగించేవారు. మూత మీదుగా అడ్డకమ్మీ, దానికి తాళం. ఇనుము తుప్పుపడితే ఉబ్బి రాయిని చీలుస్తుంది. తర్వాతి కాలంలో తాళాలు అక్కర్లేక కొక్కేలు పీకేసినప్పుడూ అంచు పెచ్చులూడేది. మీరు చూసిన అతుకులు బహుశా అవే. ఈసారి లోపలికీ తొంగిచూడండి: నీరు రాతిలోకి ఇంకకుండా పరిచిన సీసపు రేకు, అడుగున నీళ్లు నేలలోకే ఇంకిపోయేలా ఒక కన్నం కనిపించవచ్చు.

ఎర్డిస్లీ తొట్టి సుమారు 1150 నాటిది. ఒకడి చేతిలో ఈటె, రెండోవాడి చేతిలో కత్తి. ఈటె ఎదుటివాడి తొడలో దిగింది. స్థానికంగా ఒక ద్వంద్వయుద్ధం కథ చెబుతారు, సరే. తొట్టి చుట్టూ పూర్తిగా తిరిగితేనే సంగతి తెలుస్తుంది. యోధుల కాళ్లూ చేతులూ తీగల మెలికల్లో చిక్కుకున్నాయి. ఇంకోపక్క అలాంటి చిక్కులోంచే క్రీస్తు ఒక మనిషిని మణికట్టు పట్టి బయటికి లాగుతున్నాడు. పాపపు ముడులనుంచి విడుదలే బాప్తిస్మం అని నేను అర్థం చేసుకుంటాను. పెద్ద సింహం ఒకటుంది, దాన్నీ వదలకండి. ఫ్లాష్ ఎదురుగా కొడితే చెక్కడం చదునైపోతుంది. టార్చి పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించినట్టు పట్టండి.

ప్రశ్న: మా చర్చిలో పాత సున్నపురాయి తొట్టి అడుగున తెల్లపొడి రాలుతోంది. వెనిగర్‌తో కడిగి సిమెంటు పూయవచ్చా?
– ఒక పాఠకుడు, లండన్

జవాబు: రెండూ వద్దు. వెనిగర్ సున్నపురాయిని కరిగిస్తుంది. ఆ పొడి చౌడు. నేల చెమ్మ ఉప్పును పైకి మోసుకొస్తుంది, అది రాతి రంధ్రాల్లో గడ్డకట్టి పొరలు ఊడగొడుతుంది. సిమెంటు పూస్తే చెమ్మకు దారి మూసుకుపోయి పాత రాతిలోంచే బయటపడుతుంది, నష్టం పైకి పాకుతుంది. పాత అతుకుల్లో సిమెంటుంటే నిపుణుడి చేత తీయించి సున్నపు గచ్చు పెట్టించండి. అంతకంటే ముందు చెమ్మ మూలం పట్టుకోవాలి: బయట వాననీటి గొట్టం కారుతోందా, అడుగు కన్నం పూడుకుపోయిందా? పొడిని మెత్తటి బ్రష్‌తో, నీళ్లు తగలకుండా దులపండి. వేలికి ఇసుకలా రేణువులు అంటితే అదీ ఆపేయండి. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ అయితే మరమ్మతుకు డయాసిస్ (బిషప్ కింద ఉండే చర్చి పరిపాలనా ప్రాంతం) అనుమతి ముందే తీసుకోవాలి.