వదలడం కూడా కొలవాలి

చిరంజీవి మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

స్ట్రోక్ వార్డులో చేరావని తెలిసి చాలా సంతోషించాను. పేషెంటు చెయ్యి ఎలా కొలవాలో రాయమన్నావు కదా, ఇన్నేళ్ల ఫిజియో పనిలో నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు డైనమోమీటర్, అంటే పిడికిలి బలాన్ని కిలోల్లో చూపే పరికరం. కుర్చీలో కూర్చోబెట్టి, భుజం ఒంటికి ఆనించి, మోచెయ్యి 90 డిగ్రీలు వంచి, బొటనవేలు పైకి ఉండేలా పట్టించు. జమార్ అనే రకం పరికరమైతే, జరుపుకునే వీలున్న దాని పిడి రెండో స్థానంలో ఉండాలి. మూడుసార్లు పిండించి సగటు రాసుకో. ఒకసారి మంచం మీద, ఇంకోసారి కుర్చీలో కొలిస్తే వచ్చిన తేడా చేతిదో, కూర్చున్న తీరుదో ఎవరూ చెప్పలేరు.

అయితే ఆ కిలోలు చూసి మురిసిపోకమ్మా. బలం తిరిగొచ్చినా అదుపు రాని చేతులు చాలా ఉంటాయి. స్పర్శ సరిగా తెలియక కొందరు అవసరానికి మించి నొక్కుతారు. కొందరికి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదలడానికి వేళ్లు తెరుచుకోవు. డైనమోమీటర్‌కి ఇవేవీ తెలియవు. పల్చటి కాగితం గ్లాసులో సగం చల్లనీళ్లు పోసి ఇచ్చి చూడు. గ్లాసు నలుగుతోందా, జారుతోందా, బల్ల మీద పెట్టాక వేళ్లు ఎంతసేపటికి విడుతున్నాయి? దీనికి స్కోరు లేదు. అయినా నువ్వు చూసింది చూసినట్టు కేస్ షీట్‌లో రాయి. నా దృష్టిలో వదలడమే అసలు పరీక్ష.

నేర్పు కొలవడానికి బాక్స్ అండ్ బ్లాక్ టెస్ట్ ఉంది. 2.5 సెంటీమీటర్ల చెక్క దిమ్మలు ఒక్కొక్కటే తీసి, పెట్టె మధ్యలోని అడ్డుపలక దాటించి వదలాలి. నిమిషంలో ఎన్ని దాటితే అంత స్కోరు. ముందు 15 సెకన్లు ప్రాక్టీసు ఇవ్వు. బాగున్న చేతితో మొదలుపెట్టు, కానీ దాన్నే పూర్తి ఆరోగ్యానికి కొలమానం అనుకోకు. స్ట్రోక్ తర్వాత ఆ చేతిలోనూ కొంత తగ్గుదల ఉండొచ్చు.

తొమ్మిది పుల్లల పెగ్ టెస్ట్ మాత్రం వేళ్లు కాస్త ఆడుతున్నవాళ్లకే. ఆరోగ్యవంతులు సుమారు 20 సెకన్లలో పుల్లలన్నీ బోర్డు రంధ్రాల్లో పెట్టి తీసేస్తారు. వేళ్లు కదలని మనిషి ముందు ఆ బోర్డు పెట్టి మనసు కష్టపెట్టకు. అతనికి చేతి కదలికలకు 66 మార్కులకు స్కోరు వేసే ఫ్యూగల్-మేయర్ పరీక్ష చేస్తే చిన్న కదలిక కూడా లెక్కలోకి వస్తుంది. ఇంకో జాగ్రత్త: కుడివైపు మెదడు దెబ్బతిన్నవాళ్లలో కొందరు ఎడమవైపు ఉన్నవి గమనించరు. ఎడమవైపు పుల్లలు మిగిలిపోతే చేతిని తప్పుపట్టే ముందు అది చూసుకో.

అలసిపోయాక కొలవకు. ప్రతిసారీ ఇంచుమించు అదే సమయానికి పెట్టుకో.

చివరగా ఇంటివాళ్లను అడుగు. ఆ చేత్తో అన్నం కలుపుకుంటున్నారా, బొత్తాలు పెట్టుకుంటున్నారా, లేక చెయ్యి ఒళ్లో పెట్టుకుని రెండో చేత్తోనే అన్నీ కానిచ్చేస్తున్నారా? వార్డులో చక్కగా దిమ్మలు దాటించి, ఇంట్లో ఆ చెయ్యి వాడనివాళ్లు ఉంటారు. ఇంటివాళ్లు చెప్పింది కూడా తేదీ వేసి స్కోరు పక్కనే రాసుకో.

ఇట్లు,
నీ పెద్దమ్మ