17 లక్ష్యాల్లో మన మున్సిపాలిటీ చేతిలో ఉన్నవి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. సుస్థిరాభివృద్ధి లక్ష్యాలకు మన పట్టణం కట్టుబడి ఉంటుందని కౌన్సిల్ తొలి సమావేశంలోనే తీర్మానం చేయించావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చైర్‌పర్సన్‌గా నీ మొదటి సంతకం అలాంటి కాగితం మీద పడినందుకు చాలా సంతోషించాను. మున్సిపల్ ప్రజారోగ్య విభాగంలోనే ఉద్యోగమంతా గడిపినవాణ్ణి కనుక, ఆ తీర్మానం మినిట్స్ పుస్తకం దాటి బయటికి రావాలంటే ఏం చేయాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు ఒప్పుకున్నవి 17 లక్ష్యాలు, వాటి కింద 169 ఉపలక్ష్యాలు. గడువు 2030. అన్నింటినీ ఒక మున్సిపాలిటీ నెత్తికెత్తుకోలేదు, అవసరమూ లేదు. రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణ సంస్థల కోసం 18 అంశాలున్నాయి. ఆ జాబితాను లక్ష్యాల పక్కన పెట్టి చూడు. నీరు, పారిశుద్ధ్యం, చెత్త, మురికివాడల బాగు రెండింటిలోనూ కనిపిస్తాయి. వాటినే పట్టుకో. లక్ష్యాల గుర్తుగా వాడే రంగురంగుల చక్రాలతో నివేదిక తయారుచేస్తామని కన్సల్టెంట్లు వస్తారు. ఆ ఖర్చు ఇప్పుడు వద్దు.

నన్నడిగితే సెప్టిక్ ట్యాంకులతో మొదలుపెట్టమంటాను. వినడానికి బాగుండదు, ప్రారంభోత్సవానికి రిబ్బనూ ఉండదు. కానీ నీరు, పారిశుద్ధ్యం గురించిన ఆరో లక్ష్యం మరుగుదొడ్డి కట్టడంతో ఆగదు. శుద్ధి చేయకుండా వదిలే మురుగునీటి వాటాను 2030 నాటికి సగానికి తగ్గించాలని 6.3 ఉపలక్ష్యం అడుగుతోంది. భూగర్భ డ్రైనేజీ లేని మనలాంటి ఊళ్లలో ఆ మురుగంతా ఇళ్ల కిందనే ఉంది.

ఏ పాత వీధిలోనైనా ఒక ట్యాంకు మూత తీయించి చూడు. చాలాచోట్ల అది ట్యాంకు కాదు, అడుగున కాంక్రీటు లేని ఇటుక గుంత. పక్కనుంచి ఒక పైపు నేరుగా రోడ్డు కాలువలోకి ఉంటుంది, ఇంకుడు గుంత ఉండదు. సరిగా కట్టిన ట్యాంకునైనా రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. లేకపోతే అడుగున పేరుకున్న మడ్డి నీటితోపాటు బయటికి వస్తుంది. అయినా పొంగి వాసన వచ్చేదాకా ఎవరూ ట్యాంకరును పిలవరు. పిలిచినా, ఆ ట్యాంకరు దాన్ని రాత్రిపూట ఎక్కడ ఒంపుతుందో అడగరు. చెరువు కట్ట వెనక్కి వెళ్లి చూస్తే నీకే అర్థమవుతుంది. ఆ చుట్టుపక్కల బోర్ల నీటిలో, మురుగు ఇంకితే పెరిగే నైట్రేట్ ఎంతుందో పరీక్ష చేయించు. తాగునీటికి లీటరుకు 45 మిల్లీగ్రాములు పరిమితి.

దీనికి దారి చూపిన చిన్న ఊరు ఒకటుంది. మహారాష్ట్రలో సతారా జిల్లాలోని వాయి, మన కృష్ణానదికే ఎగువన ఉంది. 2011 లెక్కల్లో జనాభా సుమారు 36 వేలు. అక్కడ 2018 నుంచి పొంగేదాకా ఆగకుండా, వంతుల వారీగా మూడేళ్లకోసారి ప్రతి ట్యాంకునూ ఖాళీ చేసే పద్ధతి పెట్టారు. మడ్డిని ఊళ్లోనే కట్టిన శుద్ధి కేంద్రానికి చేరుస్తారు. ట్యాంకరు వచ్చిన రోజున ఇంటివాళ్లు చెల్లించేది ఏమీ లేదు, పారిశుద్ధ్య పన్ను రూపంలో ఏటా కొంచెం కడతారు. ఈ ఏర్పాటులో నాకు నచ్చేది అదే. వేల రూపాయలు ఒక్కసారి ఇవ్వలేని ఇల్లే కదా ట్యాంకును నిండనిస్తుంది! పన్ను మాటెత్తితే ఓట్లు పోతాయని కౌన్సిలర్లు భయపెడతారు. వాళ్లను ఒకసారి వాయి తీసుకెళ్లు. దగ్గర్లో చూడాలంటే వరంగల్ ఉంది, 2016లోనే మలవ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినకు. ట్యాంకులోకి మనిషి దిగకూడదు. రక్షణ పరికరాలు లేకుండా అలా దింపడాన్ని పాకీపని మాన్పించడానికి వచ్చిన 2013 చట్టం నిషేధించింది. మురుగు పనిలో ప్రాణం పోతే కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంత చెప్పినా, ట్యాంకరు గొట్టం అందని సందుల్లో ఇప్పటికీ మనిషినే దింపుతున్నారు. అందుకే యంత్రం కొనేటప్పుడు ముందుగా గొట్టం పొడవు అడుగు. ఇరుకు సందుల్లోకి పోయే చిన్న బండి ఒక్కటైనా తప్పకుండా కొను.

లెక్కలు వార్డు వారీగానే పెట్టించు. ఊరంతటికీ సగటు తీస్తే మెయిన్ రోడ్డు కాలనీలు బాగుంటాయి, చెరువు కింది వాడ కనబడదు. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సంఘాల మహిళలకు ప్రతి ఇల్లూ తెలుసు, సర్వే వాళ్లకే అప్పగించి తగిన పారితోషికం ఇవ్వు. ఆ లెక్క వార్డు కార్యాలయం గోడ మీద రాయించు. బడ్జెట్‌లో దీనికి విడిగా ఒక పద్దు పెట్టించు. మన తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం పచ్చదనానికి పది శాతం కేటాయించాలన్నాకే మొక్కలకు డబ్బు నిలిచింది. పద్దు లేని పనిని ఏ కమిషనరూ ముందుకు నడపలేడు.

సర్వే వానలకు ముందే పూర్తి కావాలి. జూన్ దాటితే గుంతల్లోకి ఊటనీరు చేరి అసలు ఎంత నిండిందో తేలదు. ట్యాంకు కొలతలు, అడుగు, పైపు ఎటు పోతోంది, చివరిసారి ఎప్పుడు తీయించారు, బండి వస్తుందా, ఇంతవరకు అడిగితే చాలు. ఫారం నమూనా చేత్తో రాసి జతచేశాను. మీ ఇంజినీరుకూ శానిటరీ ఇన్‌స్పెక్టరుకూ చూపించి, మార్చాల్సింది ఉంటే ఆదివారంలోగా ఫోను చేయి.

నీ పెదనాన్న