ముందు నేలను చూడమ్మా

చిట్టీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. చిన్న చిన్న గులాబీ పువ్వులు గోపురంలా గుత్తికట్టి ఉన్నాయి కదా, అది పిరమిడల్ ఆర్కిడ్. నువ్వు వెతుకుతున్న, తేనెటీగలా కనిపించే బీ ఆర్కిడ్ కాదు. అయినా నిరాశపడకు. రెండూ సుద్దనేలను ఇష్టపడేవే, అంటే నువ్వు సరైన చోటికే వెళ్లావు.

మన వైపు ఆర్కిడ్ అనగానే చెట్టు కొమ్మలకేసి చూస్తాం. బ్రిటన్‌లో అడవి ఆర్కిడ్లన్నీ నేలలో మొలిచేవే. అందుకే ముందు నేల చూడడం నేర్చుకో. బీ ఆర్కిడ్‌కు సున్నం ఉండి, సారం తక్కువున్న నేల కావాలి. పొట్టి గడ్డి, బాగా ఎండ ఉండాలి. ఇంగ్లండ్‌లోని సర్రే కౌంటీలో బాక్స్ హిల్ లాంటి సుద్ద కొండల వాలు, పాత సున్నపురాయి క్వారీలు, సముద్రపు ఒడ్డు ఇసుక దిబ్బలు, ఒక్కోసారి రోడ్డు పక్క గట్లు కూడా చూడు. ఎరువు వేసి ఏపుగా పెంచిన గడ్డిలో వెతికితే టైమ్ వేస్ట్.

జూన్‌లో వెళ్లు. కాడ జానెడు నుంచి మూరెడు లోపే ఉంటుంది. మూడు గులాబీ రేకులు విచ్చుకుని, మధ్యలో ముదురు గోధుమరంగు పెదవి (కిందికి ఉబ్బుగా ఉండే రేకు), దాని భుజాల మీద నూగు. అచ్చం తేనెటీగ వాలినట్టే ఉంటుంది.

అక్కడితో ఆగకు, వంగి పెదవి కొస చూడు. అది వెనక్కి మడుచుకుని కింద దాక్కుంటే బీ ఆర్కిడ్. ముందుకు పొడుచుకొచ్చి ఉంటే లేట్ స్పైడర్ ఆర్కిడ్ కావచ్చు, బ్రిటన్‌లో అది కెంట్ కౌంటీలోనే దొరుకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆకుపచ్చ రేకులతో కనిపిస్తే ఎర్లీ స్పైడర్ ఆర్కిడ్ అయ్యుంటుంది.

భూతద్దం తప్పకుండా తీసుకెళ్లు. పువ్వులో రెండు పసుపు పుప్పొడి ముద్దలు సన్నటి దారాలకు వేలాడుతుంటాయి. గాలికి ఊగి ఊగి ఆ పువ్వు కీలాగ్రానికే, అంటే పుప్పొడిని అందుకునే భాగానికే, అంటుకుంటాయి. మధ్యధరా ప్రాంతంలో మగ తేనెటీగ ఆ పువ్వును ఆడదనుకుని వచ్చి వాలి, పుప్పొడిని వేరే పువ్వుకు చేరుస్తుంది. బ్రిటన్‌లో మాత్రం పువ్వు దాదాపు ఎప్పుడూ ఇలా తన పుప్పొడితో తన పని తానే చూసుకుంటుంది. మొదటిసారి అది చూసినప్పుడు అరగంట అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు నాకు.

కుండీలో పెట్టుకుందామని మాత్రం తవ్వకు. దాని వేళ్లు ఆ మట్టిలోని శిలీంధ్రంతో కలిసి బతుకుతాయి, వేరే చోట చచ్చిపోతుంది. పైగా స్థలం యజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనైనా పెకలించడం అక్కడి 1981 వన్యప్రాణి, గ్రామీణ ప్రాంతాల చట్టం ప్రకారం నేరం. మోకాలు ఆనించే ముందు కూడా కింద చూసుకో, ఇంకా పూయని మొక్కల ఆకులు నేలకు అతుక్కుని ఉంటాయి.

ఈసారి ఫొటో పక్క నుంచి తియ్యి, పెదవి కొస కనిపించేలా. చూసి చెప్తాను.

మీ బాబాయ్